ఇరవై నాలుగు టిక్కీలు

పట్నం బజారు, గుంటూరు
10-1-2005

శ్రీ యలమందయ్య గారికి,
వెంకటాయపాలెం, పర్చూరు మండలం.

అయ్యా,

మా పురుగుమందుల షాపు లెక్కల ప్రకారం 31-3-2004 నాటికి మీరు మాకు రూ. 99,640 బాకీ ఉన్నారు. వచ్చే ఏప్రిల్ నుంచి వ్యాట్ అమల్లోకి వస్తోంది. పాత లెక్కలన్నీ సరిచూసి కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాం. అందుకని ఖాతాదార్లందరికీ ఇదే ఉత్తరం పంపుతున్నాం.

పై మొత్తం సరైనదైతే కింద సంతకం చేసి పదిహేను రోజుల్లో తిప్పి పంపగలరు. తేడా ఉంటే ఏమిటో రాయగలరు. జవాబు రాకపోతే లెక్క ఒప్పుకున్నట్టు భావిస్తాం.

యజమాని జయరావు గారి తరఫున,
షేక్ ఇమాం హుస్సేన్, గుమాస్తా.


వెంకటాయపాలెం
21-1-2005

గుమాస్తా గారికి,

యలమందయ్య గారి భార్య హనుమాయమ్మ రాస్తున్నాను.

మీరు సంతకం చెయ్యమన్న మనిషి లేడు. పోయిన జూలైలో పత్తి చేలో మందు తాగాడు. పర్చూరు ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. మా మరిది మీ షాపుకి కబురు పెట్టాడు. అయినా ఆయన పేరు మీదే ఉత్తరం వేశారు. జూన్‌లో కూడా ఇలాంటి ఉత్తరమే వచ్చింది. ఆయన పోయిన రోజు చొక్కా జేబులో అదే ఉంది.

తేడా ఉంటే రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. 2003 మార్చిలో మా ఎకరం మిరప చేలో ఇరవై నాలుగు టిక్కీల కాయ అయింది. టిక్కీ టిక్కీకి గోతం కుట్టింది నేనే. మా ఊరి సిలార్ నడిపే లారీలో ఊళ్ళోవాళ్ళ కాయతో పాటు గుంటూరు యార్డుకి వచ్చింది. యార్డులో మీ యజమాని కమీషన్ కొట్లోనే అమ్మాం. డబ్బు చేతికి తీసుకోలేదు. మందుల బాకీకి జమ వేసుకోమన్నాం. ఎప్పుడూ అంతే చేస్తాం.

జూన్‌లో ఉత్తరం చూసి ఈయన అదిరిపడ్డాడు. "మిరప డబ్బు జమ వెయ్యలేదు వీళ్ళు, చూడు" అని గుంటూరు బస్సెక్కాడు. సాయంత్రం తిరిగొచ్చాడు. "రాశారే. పుస్తకం తీసి చూపించారు. నా పేరు కింద ఇరవై నాలుగు టిక్కీలు, ముప్పై ఎనిమిది వేల నాలుగొందలు అని ఉంది. నా కళ్ళతో చూశాను" అన్నాడు. మా అత్తగారు అరుగు మీద కూర్చుని ఉంది. "ఇరవై నాలుగు టిక్కీలు పోసినా తీరని బాకీ ఏం చేశావురా, ఎక్కడ తగలేశావు?" అని అడిగింది. ఈయన తువ్వాలు దులుపుకుని చేలోకి వెళ్ళిపోయాడు. ఆ సీజనుకి మందు అరువు ఇవ్వబోమని మీ షాపులో చెప్పారట. అది కూడా రెండు రోజుల తర్వాతే చెప్పాడు.

ఇక నాకు కావలసింది రాస్తాను. ఇలా పోయిన రైతుల కుటుంబాలకి ప్రభుత్వం లక్షన్నర ఇస్తోంది. లక్ష మాకు, యాభై వేలు అప్పులవాళ్ళకి. అధికారులు ఫిబ్రవరిలో విచారణకి వస్తారు. బాకీకి రుజువు అడుగుతారు. మేం చేసింది చాలావరకు కౌలు, కాబట్టి బ్యాంకు అప్పు లేదు. ఉన్న రెండెకరాల కాగితాలు మీ షాపులోనే తాకట్టున్నాయి. రుజువంటూ ఉంటే మీ లెక్క ఒక్కటే. మొత్తం ఖాతా రాసి షాపు ముద్ర వేసి పంపండి. ఇంట్లో అత్తగారు, పదో తరగతి చదివే అమ్మాయి తేజశ్రీ, నేను. వేరే ఆధారం లేదు.

హనుమాయమ్మ.


పట్నం బజారు, గుంటూరు
30-1-2005

హనుమాయమ్మ గారికి,

అమ్మా, ఆ ఉత్తరం వేసినందుకు ముందుగా క్షమాపణ. నేనీ షాపులో చేరి మూడు నెలలైంది. ఖాతాలో ఉన్న పేర్లు చూసి ఉత్తరాలు వేశానే కానీ ఎవరున్నారో ఎవరు లేరో అడగలేదు.

మీరడిగిన ఖాతా రాయడానికి పాత పుస్తకం తీశాను. అందులో ఒక తప్పు దొరికింది. అది మీకు చెప్పడం నా విధి.

రెండేళ్ళ కిందట ఈ షాపు లెక్కలు కలవలేదు. రెండు పక్కలూ కూడితే రూ. 76,800 తేడా వచ్చింది. మార్చి నెలాఖరు, లెక్కలు మూసెయ్యాలి. యజమాని తొందరపెట్టారు. అప్పటి గుమాస్తా ఆ తేడాని సస్పెన్స్ ఖాతా అని ఒక పేజీలో వేసి మూసేశాడు. ఎక్కడిదో తెలియని తేడాని తెలిసేదాకా అందులో ఉంచుతారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ వెతకలేదు. నన్ను పెట్టుకున్నది దాని కోసమే.

కుడి పక్క రాయాల్సిన మొత్తం ఎడమ పక్క రాస్తే తేడా రెండింతలు వస్తుంది. కాబట్టి 76,800లో సగం, అంటే 38,400 కోసం నాలుగు రోజులుగా వెతుకుతున్నాను. మీ ఉత్తరంలో ఆ అంకె కనబడింది. నేరుగా మీ పేజీ తీశాను. అక్కడే ఉంది.

జరిగింది ఇది. కమీషన్ కొట్టుకీ, మందుల షాపుకీ యజమాని ఒకరే, లెక్కలు రాసిందీ ఒకే గుమాస్తా. మీ మిరప డబ్బు కమీషన్ కొట్లో నుంచి మందుల షాపుకి మారింది. ఒక కొట్లో ఎడమ పక్క రాస్తే రెండో కొట్లో కుడి పక్క రాయాలి. అతను రెండు పుస్తకాలూ ముందు పెట్టుకుని రెండింట్లోనూ ఎడమ పక్కే రాశాడు. మా దగ్గర ఎడమ పక్క బాకీ, కుడి పక్క జమ. మీవారు చూసిన మాట నిజం. ఇరవై నాలుగు టిక్కీలు అని స్పష్టంగానే ఉంది. కానీ ఆ డబ్బు బాకీలోంచి తియ్యలేదు, బాకీకి కలిపారు. అలా తేడా రెండింతలైంది, రూ. 76,800. దాని మీద ఏడాదికి నూటికి ఇరవై నాలుగు చొప్పున వడ్డీ కూడా వేశారు, రూ. 18,432. అమ్మిన పట్టీ కాగితం మీ దగ్గర ఉంటే అప్పుడే తేలిపోయేది. ఖాతాకి జమ వేసే సరుకు పట్టీ కొట్లోనే ఉంచుకోవడం యార్డులో అలవాటు.

రెండూ కలిపి రూ. 95,232 ఎక్కువ రాశారు. అది తీసేస్తే మీవారి అసలు బాకీ రూ. 4,408.

ఈ వారంలోనే ఎర్ర సిరాతో దిద్దుబాటు రాసి సంతకం చేస్తాను. దిద్దిన ఖాతా ముద్రతో పంపుతాను. తాకట్టు కాగితాలు వెనక్కి ఇవ్వాలని యజమానితో మాట్లాడతాను.

షేక్ ఇమాం హుస్సేన్.


వెంకటాయపాలెం
5-2-2005

ఇమాం హుస్సేన్ గారికి,

ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆయనకి అంకెలు వచ్చు. పక్కలు తెలియవు. నేను ఏడో తరగతి దాకా చదివాను, నాకూ తెలియవు. మీ షాపుకి వచ్చేవాళ్ళలో ఎవరికి తెలుసు?

దిద్దవద్దు.

కోపంతో రాయడం లేదు. మండలాఫీసులో కనుక్కున్నాను. నాలుగు వేల బాకీకి పోయాడంటే ఆ డబ్బు ఇవ్వరు. ఇంట్లో గొడవలని రాసుకుని వెళ్ళిపోతారు. పక్క ఊళ్ళో ఒకామెకి అలాగే రాశారు. ఆమె మొగుడు నిజంగానే బాకీ పడ్డాడు. కాగితం లేదు, అంతే. నాకు కాగితం ఉంది. అది తప్పు కాగితమని మీరంటున్నారు.

మీరు దిద్దితే నాకేం వస్తుంది? ఆయన రాడు. రెండెకరాలు వస్తాయంటారా, వాటిని దున్నడానికి చేతిలో రూపాయి లేదు. ఫిబ్రవరి 18న విచారణ. పాత అంకెతోనే ముద్ర వేసి పంపండి. డబ్బు వచ్చాక దిద్దండి. అప్పుడు దిద్దిన కాగితం నాకు ఒకటి పంపండి, మా అత్తగారికి చదివి వినిపించాలి. ఎక్కడ తగలేశావు అన్న మాట ఆయన వినే పోయాడు.

హనుమాయమ్మ.


పట్నం బజారు, గుంటూరు
11-2-2005

హనుమాయమ్మ గారికి,

మీ ఉత్తరం అందేసరికే యజమానికి తప్పు సంగతి చెప్పేశాను. ఆ సంభాషణ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఏం ఇమామూ, దొరికిందా నీ డెబ్భై ఆరు వేలు?" అన్నారు.

"దొరికిందండి. వెంకటాయపాలెం యలమందయ్య ఖాతాలో."

"ఆ పోయినాయనా?"

"అవునండి. ఆయన బాకీ నాలుగు వేల నాలుగొందలే."

జయరావు గారు పుస్తకం తన వైపు తిప్పుకున్నారు. తర్వాత, "ఎర్ర సిరా తెరిచావా?" అన్నారు. లేదన్నాను. "మూతపెట్టి ఉంచు. సరిచేస్తే ఎవరికి లాభం, చెప్పు? నాకా? ఆమెకా? ఆమెకి వచ్చే లక్ష పోతుంది. సర్కారు మనకిచ్చే యాభై వేలు పోతుంది. ఇద్దర్నీ ముంచి నువ్వు బాగుపడతావా ఏంటయ్యా?"

"లెక్క బాగుపడుతుందండి" అన్నాను.

షాపులో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. "లెక్కకి పెళ్ళాం పిల్లలు లేరులే" అన్నారు.

మరునాడు మీ ఉత్తరం వచ్చింది. మీరు ఒక కారణం చేత, ఆయన ఇంకో కారణం చేత ఒకే మాట అన్నారు. ఆయన మాటని కాదనగలను. మీ మాటని కాదనడానికి నాకు హక్కు లేదు.

పాత అంకెతో ఖాతా పంపుతున్నాను. సంతకం జయరావు గారిది. ముద్ర నేనే వేశాను, సంతకం మాత్రం చెయ్యలేదు. ముద్రకీ సంతకానికీ తేడా పెద్దదేం కాదని నాకూ తెలుసు.

ఒక్క సంగతి. ఖాతాలో 2003 మార్చి దగ్గర ఇరవై నాలుగు టిక్కీలు అని ఉన్న చోట, ఈ నకలులో యజమాని, మీరు మందులు కొన్నట్టు కనబడేలా, 'సరుకు' అని రాయించారు. మిరప అమ్మినట్టు కనబడితే ఆ డబ్బేమైందని అధికారులు అడుగుతారు. మిమ్మల్ని అడిగినా అడుగుతారు. ఏం చెప్పాలో మీరు ఆలోచించుకోండి. నేను చెప్పలేను.

ఇమాం హుస్సేన్.


వెంకటాయపాలెం
24-2-2005

అన్నయ్య గారికి,

విచారణ అయిపోయింది. అన్నయ్య అని రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఈ సంగతి తెలిసినవాళ్ళు మీరు తప్ప నాకు ఇంకెవరూ లేరు.

ముగ్గురు అధికారులు వచ్చారు. మా వాకిట్లో కుర్చీలు వేశాం. ఊరు ఊరంతా వచ్చి నిలబడింది. మీరు పంపిన ఖాతా పెద్దాయన చదివి పక్కాయనకి ఇచ్చాడు. మీరన్నట్టే అడిగారు.

"మీ ఆయన పోవడానికి ముందు ఏడు మిరప వేశారా?"

"వేశామండి."

"ఎన్ని టిక్కీలయింది?"

నేను వాకిలి చివర తాటాకు పందిరి వైపు చూశాను. అక్కడ మా అత్తగారు కూర్చుని ఉంది.

"ఏమీ కాలేదండి. తెగులొచ్చి పోయింది."

"ఏమీ అంటే? ఒక్క టిక్కీ కూడా అమ్మలేదా?"

"లేదండి."

ఆయన జనం వంక తిరిగి, "నిజమేనా?" అన్నాడు. మా కాయ మోసుకెళ్ళిన లారీ సిలార్ ముందు వరసలోనే ఉన్నాడు. అతన్ని ఎవరూ చెప్పమనలేదు. అతనే ముందుకొచ్చి, "ఏం కాయండి బాబూ, ఆ ఏడు వీళ్ళ చేలో పచ్చడికి కూడా దొరకలేదు" అన్నాడు. నలుగురు అవునన్నారు. ఆ నలుగురూ ఆ కాయ కోతకి వచ్చినవాళ్ళే.

రాసుకున్నారు. చదివి వినిపించారు. 'మిరప పంట పూర్తిగా దెబ్బతిన్నది, దిగుబడి లేదు.' నాచేత సంతకం పెట్టించారు.

వాళ్ళు వెళ్ళాక సిలార్ గుమ్మం దగ్గరికి వచ్చాడు. "తప్పు మాట చెప్పానమ్మా. ఆయన కాయ లారీ మీద ఎక్కిస్తుంటే, ఇంత ఎరుపు యార్డులో ఇంకెవరిదీ ఉండదు సిలారూ అన్నాడు నాతో" అని చెప్పి వెళ్ళిపోయాడు. టీ తాగమన్నా ఆగలేదు.

మా అత్తగారు ఆ రోజు నుంచి నాతో మాట్లాడదు. అన్నం పెడితే తింటుంది. నిన్న తేజశ్రీతో అంటుంటే విన్నాను. "ఆ ఏడు మీ నాన్న చేను చూడ్డానికి పక్క ఊరివాళ్ళు వచ్చారే. మీ అమ్మ ఏమీ కాలేదంది." అమ్మాయి నా వంక చూసింది. నేను పొయ్యి దగ్గర పని ఉన్నట్టు లోపలికి వెళ్ళాను.

డబ్బు రాగానే మీరు దిద్దండి. ఆ కాగితం ఒక్కటి వస్తే ఇద్దరికీ చూపిస్తాను.

మీ చెల్లెలు,
హనుమాయమ్మ.


పట్నం బజారు, గుంటూరు
28-6-2005

హనుమాయమ్మ గారికి,

మీ ఖాతాకి సంబంధించి ప్రభుత్వం నుంచి రూ. 50,000 చెక్కు మా షాపుకి అందింది. మిగిలిన రూ. 49,640 రాని బాకీగా కొట్టివేయడమైనది. తాకట్టు కాగితాలు రిజిస్టరు పోస్టులో విడిగా పంపాం. మీ లక్ష కూడా బ్యాంకులో పడిందని తెలిసింది.

మార్చి 31న నేను దిద్దుబాటు రాయబోయాను. అప్పటికి మీకు డబ్బు రాలేదు. ఆగాను. ఈ నెల డబ్బు వచ్చాక మళ్ళీ పుస్తకం తీశాను. జయరావు గారు ఎదురుగా కూర్చున్నారు.

"ఇప్పుడు దిద్దితే ఏమవుతుందో తెలుసా? ముగ్గురు ఆఫీసర్లు సంతకాలు పెట్టిన అంకె ఇది. తప్పని మన పుస్తకమే చెబితే ముందు ఆమె మీద కేసు పెడతారు. డబ్బు వెనక్కి కట్టమంటారు. తర్వాత నా మీద. ఆ తర్వాత ముద్ర వేసిన చెయ్యి ఎవరిదని అడుగుతారు" అన్నారు.

ఆయన చెప్పింది నిజమే. మీ ఖాతా మూసేశారు. సస్పెన్స్‌లో ఉన్న 76,800 షాపు లాభంలో కలిపేశారు. మూసిన ఖాతాలో దిద్దడానికి ఏమీ ఉండదు. పాత పుస్తకాలు గోతాల్లో కట్టి గోడౌనుకి పంపారు. ఇప్పుడు అంతా కంప్యూటరులోనే. అందులో మీవారి పేరు లేదు.

రావలసింది 4,408. వచ్చింది 50,000. ఈ నెల నా జీతం ఐదు వందలు పెంచారు. ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు.

మీకు మాటిచ్చిన కాగితం పంపలేను. ఇంకొక మనవి. జనవరి 30న నేను రాసిన ఉత్తరం మీ దగ్గరుంది. అసలు లెక్క పూర్తిగా రాసి ఉన్నది, నా సంతకంతో, అదొక్కటే. దాన్ని కాల్చెయ్యండి. మీ క్షేమం కోసమే చెబుతున్నాను. నా క్షేమం కోసం కూడా.

ఇమాం హుస్సేన్.


వెంకటాయపాలెం
9-7-2005

గుమాస్తా గారికి,

పొలం కాగితాలు అందాయి. డబ్బు బ్యాంకులో ఉంది. తేజశ్రీని చీరాల కాలేజీలో చేర్పించాను. రెండెకరాల్లో ఈసారి జొన్న వేస్తున్నాను. అరువు అక్కర్లేని పంట.

మీరు కాల్చమన్న ఉత్తరం కాల్చే ముందు మా అత్తగారికి చదివి వినిపించాను. అమ్మాయి ఇంట్లో లేనప్పుడు. ఐదు నెలల తర్వాత ఆమె నాతో మాట్లాడింది.

"అయితే వాడు బాకీ లేడా?"

"నాలుగు వేలండి."

"కాయ జమ వేశారన్నాడుగా?"

"వేశారు. కానీ కలిపారు."

అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఈసారి అర్థమైంది. తర్వాత, "నేను వాణ్ణి ఎక్కడ తగలేశావని అడిగాను" అంది.

"ఈ సంగతి బయటపెడితే?" అంది.

"డబ్బు వెనక్కి ఇవ్వాలి. కేసు పెడతారు. పిల్ల చదువు ఆగిపోతుంది."

"అయితే కాల్చెయ్. పిల్లకి తెలియనివ్వకు. నాన్న పంట పండించలేకపోయాడనే అనుకోనీ."

పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళాను. కాల్చలేకపోయాను. ఆయన ఇరవై నాలుగు టిక్కీలు పండించాడని విడమరిచి రాసి ఉన్న కాగితం, గోతాల్లో కట్టేసిన మీ పుస్తకాలు కాక, ఈ లోకంలో అదొక్కటే. ప్రభుత్వం కాగితంలో ఏమీ పండలేదు. మీ నకలులో 'సరుకు'. ఊళ్ళోవాళ్ళు నా కోసం లేదన్నారు, ఇక ఉందనలేరు. లేదని మొదట అన్నది నేనే.

అందుకని దాన్నీ, మీరు రాసిన మిగతా ఉత్తరాల్నీ ఇందులోనే పెట్టి పంపుతున్నాను. ఉంచుకుంటారో కాలుస్తారో మీ ఇష్టం. రాసింది మీరు.

ఇక ఉత్తరాలు రాయకండి. ఎవరైనా వచ్చి అడిగితే, మా ఆయన మీ షాపుకి తొంభై తొమ్మిది వేల ఆరు వందల నలభై రూపాయలు బాకీపడి చనిపోయాడు. మీరూ అదే చెప్పండి. మా ఇంట్లో మేమూ అదే చెబుతున్నాం.

హనుమాయమ్మ.